రైట్ చెప్పందే కదలని పడవ

పొద్దున్నే షట్టర్ సగం ఎత్తానో లేదో, దాని కింద నుంచి ఒక ఆకుపచ్చ పడవ ముక్కు దుకాణంలోకి దూరింది. ఆ వెనకాలే వంగి అత్త దూరింది.

"తిరుగుతలేదు బిడ్డా. అప్పటి రోగమే. మల్ల మొరాయిస్తున్నది," అంటూ పడవను నా కౌంటర్ మీద, విప్పిపెట్టిన ఫోన్ల మధ్య పెట్టి, మోకాళ్లు పట్టుకుని స్టూలు మీద కూలబడింది. యాచారం నుంచి బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకునే వచ్చిందట. పక్క సీటావిడ ఇదేమిటని అడిగితే, "మా తమ్ముని బండి" అని చెప్పిందట.

ఇవాళ సద్దుల బతుకమ్మ, తొమ్మిది రోజుల పండుగకు చివరి రోజు. పొద్దుగూకేసరికి ఈ పడవ తిరగాలి. లేకపోతే అత్త పేర్చబోయే బతుకమ్మ నడి చెరువుకు చేరదు, ఒడ్డునే ఆగిపోతుంది. ఏ సంవత్సరమైనా సరేగానీ ఈ సంవత్సరం మాత్రం అలా జరగడానికి వీల్లేదు. ఎందుకంటే ఆ పడవను చేసినవాడు, తోలినవాడు ఈసారి లేడు.

ఆయన పేరు రాయను. రాసినా ఇబ్రహీంపట్నంలో చాలామంది గుర్తుపట్టరు, అందరికీ ఆయన చిన్నాన్న వరస, కాకే. నాకు రక్తసంబంధం ఏమీ లేదు. బస్టాండ్ దగ్గర నాది ఫోన్లు బాగుచేసే చిన్న దుకాణం, దాని వెనక గల్లీలో ఆయన ఇల్లు. బస్సు డ్రైవర్‌గా రిటైరయ్యాడు. ఆయన కాక కాబట్టి, ఆయన అక్క నాకు అత్త అయింది. మొన్న ఎండాకాలం చివర్లో ఒక మధ్యాహ్నం కాక అన్నం తిని, కుర్చీలో కూర్చుని, మళ్లీ లేవలేదు.

"ఆ ఇంట్ల ఏడాది దాక పండుగ లేదు," అంది అత్త, నేను అడగకుండానే. "తమ్ముని కోడలు పిల్ల ఏం జేస్తది, పద్ధతి గది. నాకేం అడ్డం? నేను వేరే ఇంటి దాన్నైతిని. పువ్వులు నీ ఇంట్ల పేర్చుకుంట. తల్లిగారింటికి రమ్మని పిల్చెటోడు లేడు గని, చెరువైతే ఉన్నది గద."

అత్త ముందు ఏడిస్తే తిడుతుంది. అందుకని తల వంచి, చేతిలోనే ఉన్న స్క్రూడ్రైవర్ కోసం వెతికాను.

రిమోట్ ఆన్ చేసి దాని మీది బుల్లి చక్రం తిప్పాను. పడవ కడుపులోంచి సన్నటి మూలుగు. వెనక చుక్కాని కదిలింది గానీ, నిద్రలో పక్కకు ఒత్తిగిల్లే మనిషిలా కదిలింది. చక్రం వదిలేశాక కూడా మధ్యకు రాలేదు, ఓ పక్కకే ఉండిపోయింది. ఆ మూలుగు వినగానే నాకు కాక గొంతు వినిపించింది. "క్లచ్ జారుతున్నది బిడ్డా!"

పడవకు క్లచ్ ఉండదని ఆయనకు చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది.

ఆయన బస్సు దిగాడు గానీ బస్సు ఆయన్ని దిగలేదు. నా దుకాణంలో ఉన్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవడం కూడా ఆయనకు డ్యూటీ ఎక్కినట్టే ఉండేది. నడుం నిటారుగా పెట్టి, రెండుసార్లు సర్దుకుని, కుడివైపు ఓసారి చూసి అప్పుడు మాట మొదలుపెట్టేవాడు. మాట్లాడుతుంటే ఎడమచెయ్యి తనంతట తానే కిందికి జారి గేరు వెతుక్కునేది. విషయం మారితే గేరు మారేది. ఆ చెయ్యి రెండో గేరులో ఉంటే ఎవరి మీదో కోపం వచ్చిందని, నాలుగులో పడితే ఇక ఆపడం ఎవరి తరమూ కాదని నాకు తెలిసిపోయేది. చాయ్ అబ్బాయి గ్లాసులు పట్టుకుని దుకాణం ముందు నుంచి పోతే బస్సు ఆపించే కండక్టర్‌లా "హోల్డాన్!" అని అరిచేవాడు. వాడు నిజంగానే టక్కున ఆగేవాడు. వాడే కాదు, రోడ్డు మీద ఇంకో ఇద్దరు ముగ్గురు కూడా ఆగి చూసేవాళ్లు.

ఇక వెళ్లిపోయేటప్పుడు ఆయన చేసే పనికి నాకు మొదట్లో ఒళ్లు మండేది. లేచి, గడప దగ్గర నిలబడి, నా వైపు వీపు పెట్టి, కదలకుండా ఉండేవాడు.

"రైట్ చెప్పు బిడ్డా."

"కాకా, నాకు గిరాకీ ఉంది."

"డ్రైవర్ తనంతల తాను కదలొద్దు. ఎనుక ఎవలు ఎక్కుతున్నరో, ఎవలు దిగుతున్నరో వానికేం తెలుస్తది? చూసెటోళ్లు చెప్తెనే కదలాలె."

ఫోన్ అద్దం పగిలి ఏడుపు మొహంతో నిలబడ్డ ఆడపిల్లల ముందు, నేను సిగ్గుతో చచ్చిపోతూ "రైట్" అనేదాన్ని. అప్పుడు వెళ్లేవాడు. మూల తిరిగేముందు కుడిచెయ్యి బయటికి చాపి మరీ తిరిగేవాడు.

ఇలాంటి మనిషికి పడవ ఎందుకంటే, అది అత్త మాట వల్ల. నా చిన్నప్పుడు మా పెద్దచెరువులో నీళ్లుండేవి కావు. పిల్లలు క్రికెట్ ఆడేవాళ్లు. బతుకమ్మలకు కట్ట కింద గుంత తవ్వి ట్యాంకర్‌తో నీళ్లు పోసేవాళ్లు. మూడేళ్ల కింద వానలు దంచికొట్టి చెరువు నిండేసరికి ఊరు ఊరంతా కట్ట ఎక్కి చూసింది. మా కాక అయితే తెలిసినవాళ్లకీ తెలియనివాళ్లకీ ఫోన్ చేసి "నీళ్లు! నీళ్లు!" అని అరిచాడు. కానీ నీళ్లొచ్చాక ఇంకో చిక్కు వచ్చిపడింది. ఒడ్డునే లోతు, మెట్లు జారుడు. ఆడవాళ్లను దిగనివ్వకుండా కట్టెలు అడ్డం కట్టారు. బతుకమ్మలను అంచునే వదిలి రావాలి. తెల్లారి వెళ్లి చూస్తే తంగేడు, గునుగు, బంతి, అన్నీ ఒకదాని మీద ఒకటి పడి ముద్దగా మురిగి ఉండేవి.

అత్తకు అది సుతరామూ నచ్చలేదు. "గదేం సాగనంపుడు? ఆడిబిడ్డను గడప కాడ దింపి తలుపేసుకున్నట్టు!" అంది.

కాక ఎడమచెయ్యి నేరుగా నాలుగో గేరులో పడింది. "అక్కా, నీ బతుకమ్మను నడి చెరువు దాక నేను తోల్త," అన్నాడు. ఈత కూడా రాదు ఆ మహానుభావుడికి.

నిరుడు పండుగకు ముందు ఓ రెండు నెలలు ఆ గల్లీలో రంపం చప్పుడు ఆగలేదు. పలుచటి చెక్క, థర్మకోల్, పైన ఫైబర్ పూత. కోఠి నుంచి మోటారు, రిమోట్ తెచ్చుకున్నాడు. రిమోట్లు చాలావరకు పుల్లల్లాంటి మీటలున్నవి వస్తాయి. ఆయన వాటిని ముట్టుకోలేదు, బుల్లి చక్రం ఉన్నదే వెతికి తెచ్చాడు. "పుల్లలు వట్టి బండి తోలుడేంది, పప్పు గుత్తా?" అన్నాడు. పడవను ఒక్కనాడూ పడవ అనలేదు. బండే. ఆకుపచ్చ రంగు వేసి, బతుకమ్మ కోసమే కదా అని పక్కన "స్త్రీలకు మాత్రమే" అని రాయించాడు. కుడివైపు గుండ్రటి అద్దం కూడా బిగించాడు. నువ్వు ఒడ్డున నిలబడి తోలతావు, అద్దంలో ఏం కనబడుతుంది అంటే, "అద్దం లేని బండి ఫిట్‌నెస్ పాస్ కాదు" అని నన్నే కసిరాడు.

మొదట్లో బండి మస్తుగా పోయింది. గల్లీ చివర ఇల్లు కడుతున్నవాళ్ల నీళ్ల హౌజులో రోజూ ట్రయల్. చక్రం కుడికి తిప్పితే పడవ కన్నా ముందు కాక కుడికి వంగేవాడు. ఒళ్లంతా వంచేవాడు, చూసేవాళ్లకు హౌజులో పడిపోతాడేమోనని భయం వేసేది. పండుగకు ఇంక వారం ఉందనగా రోగం మొదలైంది. చక్రం తిప్పిన ఎంతోసేపటికి గానీ పడవ తిరగదు, తిరిగాక నేరుగా రాదు. పోయి గోడకు గుద్దుకోవడం, కాక నా దుకాణానికి పరిగెత్తుకు రావడం.

తప్పు సర్వోదే అనుకున్నాం. సర్వో అంటే పెద్ద విషయమేం కాదు, అగ్గిపెట్టె అంత నల్లడబ్బా. లోపల బుల్లి మోటారు, కొన్ని పళ్లచక్రాలు, పైన ఓ చిన్న చెయ్యి. రిమోట్ చక్రం ఎంత తిప్పితే ఆ చెయ్యి అంత తిరుగుతుంది. దానికి కట్టిన ఇనుప తీగ వెనక చుక్కానిని తిప్పుతుంది. ఆ చెయ్యి బద్ధకిస్తే చుక్కాని బద్ధకిస్తుంది. అప్పుడు పడవ తన ఇష్టం వచ్చిన చోటికి పోతుంది.

"డీజిల్ల గాలి జొర్రింది," అన్నాడు కాక.

"ఇందులో డీజిల్ లేదు కాకా."

"మరైతే బ్యాటరీ."

ఆ ఒక్కటి కొంచెం నిజమే. పెద్ద మోటారు తిరిగినప్పుడల్లా సర్వోకు కరెంటు తగ్గుతోంది. దానికి వేరే బ్యాటరీ పెట్టాను. ఒక పూట హుషారుగా తిరిగి, మర్నాడు మళ్లీ మూలిగింది. డబ్బా విప్పి పళ్లచక్రాలు కడిగి, కొత్త గ్రీజు పెట్టాను. మళ్లీ అదే. వైర్లు మార్చాను. అదే. నేను టంకం పెడుతుంటే ఈయన పక్కన కూర్చుని ఊరికే చక్రం తిప్పేవాడు. "చెయ్యి తియ్యి కాకా!" అని అరిస్తే, గాయపడ్డ మొహం పెట్టి, చెయ్యి తీసి, రెండు నిమిషాలు కూడా ఆగకుండా మళ్లీ తిప్పేవాడు. చివరికి కోఠి వెళ్లి లోహపు పళ్లున్న పెద్ద సర్వో తెచ్చాడు. వచ్చేటప్పుడు దారి పొడుగునా డ్రైవర్ పక్కన నిలబడి ఆయనకు బస్సు ఎలా తోలాలో చెప్పుకుంటూ వచ్చాడని తర్వాత తెలిసింది. ఆ పెద్ద సర్వో కూడా రెండో రోజుకే మూలగడం మొదలుపెట్టింది.

ఒకటి మాత్రం చెప్పాలి. పడవను ఆయన ఎంత పదిలంగా చూసుకునేవాడంటే, పొద్దున్నే తల తడి ఆరకముందే తళతళలాడేలా తుడిచి తెచ్చేవాడు. దాని నుంచి ఊదుబత్తి వాసన కూడా వచ్చేది. పోనీలే, ఇంట్లో దేవుడి గూట్లో పెట్టుకుంటున్నాడు కాబోలు అనుకుని నవ్వుకున్నాను. నా చూపంతా తీగల మీదే ఉండేది.

సద్దుల రోజు మధ్యాహ్నం దాకా ఇదే వరస. అత్త పువ్వులు పేరుస్తూ మధ్యలో లేచి వచ్చింది. గునుగు పూలకు అద్దిన రంగుతో వేళ్లన్నీ గులాబీ రంగుగా ఉన్నాయి.

"ఏమాయె తమ్మీ?"

"అయిపాయె అక్కా. జర ఐదు నిమిషాలు."

అత్త వెళ్లిపోయాక కాక కుర్చీ ముందుకు జరుపుకుని, గొంతు తగ్గించి అన్నాడు. ఆయన గొంతు తగ్గించగా నేను విన్నది ఆ ఒక్కసారే. "బిడ్డా, అక్క ఇంటింటికి చెప్పుకున్నది. మా తమ్ముడు నడి చెరువుకు తోల్తడని. ఇప్పుడు అది గుండ్రంగ తిరిగి ఒడ్డుకే వస్తె, అక్క మొకం నేనెట్ల జూస్త?"

ఆయన చెయ్యి ఏ గేరులోనూ లేదు. ఒళ్లో ఊరికే పడి ఉంది. విసురుగా లేచి, సర్వో చేతికున్న ఇనుప తీగను ఊడపీకేశాను. అంతవరకూ ఆ పని ఎందుకు చెయ్యలేదో ఇప్పటికీ తెలియదు. తీగ లేకుండా ఉత్త సర్వోను కదిలిద్దామని చక్రం తిప్పాను.

టక్. టక్. కుడికి, ఎడమకి, కుడికి. మూలుగు లేదు, ఏమీ లేదు!

"కాకా! సర్వోకు ఏ రోగమూ లేదు!" స్టూలు మీద నుంచి గంతేశాను. కౌంటర్ అద్దం మీది ఫోన్లన్నీ ఎగిరిపడ్డాయి.

"మరి?"

చుక్కానిని వేళ్లతో పట్టుకుని తిప్పి చూశాను. తిరగలేదు. రెండు వేళ్లతో కాదు, గుప్పిటతో పట్టి తిప్పితే బలవంతం మీద కదిలింది. సర్వో తప్పేం ఉంది పాపం, ఇంత బిగుసుకున్నదాన్ని ఎవరైనా ఎలా తిప్పుతారు? చుక్కాని కడ్డీ ఒక సన్నటి గొట్టంలో నుంచి పడవ లోపలికి వస్తుంది. కాలితో పడవను అదిమి పట్టి ఆ కడ్డీని గట్టిగా లాగాను. ఊడివచ్చింది. కడ్డీ పొడుగునా చిక్కటి, జిగట పసుపు.

రంగు కాదు. పసుపు. వంటింట్లో పసుపు.

నేను కాక వైపు చూశాను. కాక ఫ్యాను వైపు చూశాడు. ఎడమచెయ్యి మెల్లగా కిందికి పోయి రివర్స్ గేరు వెతుక్కుంటోంది.

"కాకా, ఇదేంది?"

"పసుపు."

"గొట్టంలోకి పసుపు ఎట్లా వచ్చింది?"

"సర్వీసుల ఉన్నన్నొద్దులు స్టీరింగ్‌కు పసుపు వెట్టకుంట బండి తియ్యలే బిడ్డా. ఈ బండికి స్టీరింగ్ ఏది? గదే గద."

"రోజూ పెడుతున్నావా?"

"రోజు. నూనెల కలిపి. నీళ్లల్ల ఊడిపోవద్దని."

"నూనెలో కలిపా!"

"కలిపిన. పైనంత తుడ్సిన, నువ్వు తిడ్తవని." కాస్త ఆగి, తప్పు చేసిన పిల్లాడిలా అన్నాడు. "అది మొరాయిస్తున్నకొద్ది జర ఎక్కువ వెట్టిన. నిన్నైతే రెండుసార్లు వెట్టిన."

నేను నుదురు కొట్టుకున్నాను. బ్యాటరీ మార్చిన పూట హుషారుగా తిరిగిందెందుకో, మర్నాడు పొద్దున మళ్లీ మూలిగిందెందుకో ఇప్పుడు అర్థమైంది. మేమిద్దరం ఒకే పడవకు, ఆయన పొద్దున, నేను పగలు, చెరో వైద్యం చేస్తూ వచ్చాం. నా వైద్యాన్ని ఆయన వైద్యం తినేసింది. సరిగ్గా అప్పుడే అత్త మళ్లీ వచ్చింది. కడ్డీ చూసింది, తమ్ముణ్ని చూసింది, సంగతంతా ఒక్క క్షణంలో పట్టేసింది.

"ఓరి నీ బుద్ధి పాడుగాను! దేవుని పేరు జెప్పి నువ్వే బ్రేకేసినవ్ గదరా!"

అంతే. ముందు కాకకు నవ్వొచ్చింది. ఆయన నవ్వు మొదలైతే ఖాళీ బస్సు గుంతల్లో పోతున్నట్టు అన్నీ కదిలేవి. కుర్చీ కదిలింది, కౌంటర్ కదిలింది, నేనూ అత్తా ఒకరినొకరు పట్టుకుని కూలబడి నవ్వాం. గిరాకీకి వచ్చినతను గుమ్మంలోంచే వెనక్కి వెళ్లిపోయాడు.

పెట్రోలు, ఫోన్లకు వాడే దూది పుల్లలు, సన్నటి తీగ పట్టుకుని ఆ గొట్టాన్ని తోమాం. పుల్ల తరవాత పుల్ల పచ్చగా వచ్చింది. కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేసి కడ్డీని వెనక్కి దోపితే, ఊదితే తిరిగేంత సులువుగా తిరిగింది. తర్వాత పెద్ద పంచాయితీ. పసుపు పెట్టకుండా బండి తియ్యనని కాక. పెడితే నేను మళ్లీ ముట్టనని నేను. చివరికి అత్త తీర్పు చెప్పింది. "బస్సుకు ముందర అద్దం కాడ వెడ్తరు గద. దీనికి ముక్కు మీద వెట్టు." ముక్కు మీద పసుపు, మధ్యలో కుంకుమ. అప్పుడు గానీ ఆయన చెయ్యి మళ్లీ గేరు మీదికి రాలేదు.

ఆ సాయంత్రం నేను చచ్చేదాకా మర్చిపోను. కట్ట మీద ఇసకేస్తే రాలనంత జనం. ఎక్కడికక్కడ ఆడవాళ్లు గుండ్రంగా తిరుగుతూ, చప్పట్లు కొడుతూ, పాడుతూ. అత్త తన బతుకమ్మను థర్మకోల్ పలక మీద నిలబెట్టి, పైన దీపం వెలిగించింది. పలకకు కట్టిన తాడు కొసన ఉచ్చు. ఆ ఉచ్చును పడవ వెనక మేకుకు తగిలించాం. నడి చెరువులో పడవను రివర్స్ కొడితే ఉచ్చు మేకు నుంచి జారిపోవాలి. కాక రిమోట్ పట్టుకుని అంచున నిలబడ్డాడు. కదల్లేదు. జనమంతా చూస్తున్నారు.

"బిడ్డా."

నాకు అర్థమైంది. ఇంతమందిలోనా! చిన్నగా "రైట్" అన్నాను.

"ఇనవడలే!"

"రైట్ రైట్!"

పడవ కదిలింది. వెనక బతుకమ్మ, దాని మీద దీపం, తలవంచకుండా, తొణక్కుండా కదిలింది. పాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. దీపం చిన్నదవుతూ చిన్నదవుతూ నడి చెరువు చేరింది. కాక రివర్స్ కొట్టాడు. ఉచ్చు జారింది. బతుకమ్మ అక్కడే, ఒంటరిగా, వెలుగుతూ నిలబడింది. ఇక పడవ వెనక్కి తిరగాలి. ఆ మలుపులోనే అసలు సంగతంతా ఉంది. కాక చక్రం తిప్పి ఒళ్లంతా కుడికి వంచాడు. అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. చీకట్లో పడవ ఏ వైపు ఉందో ఎవరికీ తెలియడం లేదు. అప్పుడు నీళ్ల మీద ఏదో తళుక్కున మెరిసింది. కట్ట మీది లైటు పడి, ఎందుకూ పనికిరాదని నేను వెక్కిరించిన ఆ గుండ్రటి అద్దం! పడవ మా వైపు తిరిగింది!

కట్ట కట్టంతా ఒక్కటే అరుపు. అత్త తమ్ముడి వీపు మీద దబదబ బాదింది. ఆ తర్వాత వరస కట్టారు చూడండి, "మాది గూడ తీస్కపో కాకా, మాది గూడ." కాకకు పూనకం వచ్చేసింది. "ఎక్కుండ్రి, ఎక్కుండ్రి! జర లోపటికి జరుగుండ్రి! స్త్రీలకు ఫ్రీ, ఆధార్ కార్డు చూపెట్టుండ్రి!" ఎవరో పిల్ల "గౌరమ్మకు ఆధార్ ఎక్కడిది కాకా?" అంటే, "గౌరమ్మ లోకల్ బిడ్డ, నాకెరుకే, ఎక్కనీ!" అన్నాడు. బ్యాటరీ అయిపోయేదాకా ట్రిప్పులు కొట్టాడు.

ఆ తర్వాత కట్ట మీద కూర్చుని అత్త పెట్టిన రొట్టె-బెల్లం మలీద ముద్ద తింటూ నాతో అన్నాడు. "సర్వీసంత జనాన్ని దింపుకుంటనే ఉన్న బిడ్డా. ఎవ్వలు దిగినంక ఎనుకకు తిరిగి జూడలే. ఇయ్యాల దింపితె ఊరంత చప్పట్లు గొట్టింది." కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, నోట్లో మలీద నలుగుతోంది, ఎడమచెయ్యి న్యూట్రల్‌లో ఉంది. నేను ఆయన్ని గుర్తు చేసుకుంటే ముందు ఆ మొహమే వస్తుంది.

ఆ ఒక్క బతుకమ్మే ఆయన తోలింది. వచ్చే ఏడు రెండు బండ్లు తిప్పుదామన్నాడు.

ఇవాళ పొద్దున పడవను నేల మీద బోర్లించి, సర్వో జోలికి పోకుండా నేరుగా చుక్కాని కడ్డీ పట్టుకుని లాగాను. రాలేదు. కాలితో అదిమి లాగాను. వచ్చింది.

పచ్చగా. జిగటగా. తాజా పసుపు.

నిరుడు ఆ గొట్టాన్ని అద్దంలా తోమింది నేనే. తర్వాత కాక పెట్టింది ముక్కు మీదే, నేను రోజూ చూశాను. నేను అత్త వైపు తిరిగాను. అత్త ఫ్యాను వైపు చూస్తోంది.

"అత్తా."

"బండి నా ఇంటికొచ్చినప్పటి సంది పొద్దుగాల పొద్దుగాల వెడ్తున్న," అంది అత్త, ఫ్యానుకే చెబుతున్నట్టు. "తిడ్తవని తెల్సు. తిట్టు. మొదలు వాడు వెట్టింది ఆడనే గద. వాడు లేకపాయె, ఇగ దానికెవలు వెడ్తరు?"

"ముక్కు మీద పెట్టమని తీర్పు చెప్పింది నువ్వే!"

"ముక్కు మీద గూడ వెట్టిన."

తిట్టాను. ఏడుస్తూ తిట్టాను. అత్త కూడా ఏడుస్తూ నన్ను తిట్టింది, ఫోన్లు బాగుచేసేదానికి ఇంత నోరా అని. ఇద్దరం కళ్లు తుడుచుకుని దూది పుల్లలు తీశాం. నేను తోమాను, ఆమె పుల్లలు అందించింది. మధ్యాహ్నానికి చుక్కాని ఊదితే తిరిగింది. అత్త మా ఇంటికొచ్చి, నడింట్లో తాంబాళం పెట్టుకుని, తంగేడు మీద తంగేడు పేర్చింది. ఎంత ఎత్తు పేర్చిందంటే, కూర్చున్న నాకు బతుకమ్మ వెనక ఆమె కనబడలేదు.

పొద్దుగూకే వేళకు కట్ట మీదికి వెళ్లాం. జనం నిరుటి కన్నా ఎక్కువ. ఎవరో మమ్మల్ని చూసి దారి ఇచ్చారు. ఎవరో "కాక బండి వచ్చింది" అన్నారు. ఆ మాట ముందుకు ముందుకు పోయింది. ఉచ్చు మేకుకు తగిలించి, దీపం వెలిగించి, రిమోట్ కోసం చెయ్యి చాపాను. తోలేది నేనే అనుకున్నాను. అత్త ఇవ్వలేదు. రెండు చేతులా పట్టుకుని అంచుకు వెళ్లి, నడుం నిటారుగా పెట్టి నిలబడింది.

పడవ కదల్లేదు.

తోమిందంతా వృథా అయిందా? తీగ ఊడిందా? "ఏమైంది అత్తా? ఆగిపోయిందా?"

అత్త వెనక్కి తిరగలేదు. నా వైపు వీపు పెట్టే అంది. "నువ్వు రైట్ చెప్పకుంట ఎట్ల తియ్యాలె?"

నిరుడు నాకు సిగ్గేసింది. ఇవాళ వెయ్యలేదు. గొంతు చించుకుని, అవతలి గట్టు దాకా వినబడేలా అరిచాను.

"రైట్! రైట్!"

నా వెనక కట్టంతా అరిచింది. పడవ కదిలింది. దీపం నడి చెరువుకు పోయింది, ఉచ్చు జారింది, బతుకమ్మ అక్కడ నిలబడింది. ఇక తిరగాల్సింది పడవే. అత్త మోకాళ్ల సంగతి పూర్తిగా మరిచిపోయి, చక్రం తిప్పుతూ, ఒళ్లంతా కుడికి వంచింది.

అద్దం మెరిసింది.